తమ్ముని కోసం నునుపు పట్టిన బండ

నాపబండ సంగతి నాకు చెప్పేటోడు బేతంచెర్లలోనే పుట్టలేదు, డోన్‌లో పుట్టి కర్నూల్లో డాక్టరు చదివిన పిల్ల చెప్తాదా? ఆ పొద్దు నా మనసులో అనుకున్న మాట ఇదే. బయటికి కూడా అన్నానేమో. నా నోటికీ మనసుకూ మధ్య తలుపు ఎప్పుడూ సరిగ్గా పడదు.

ముప్పై ఏండ్లకు పైగా బేతంచెర్లలో పాలిష్ మిషన్ దగ్గర నిలబడినవాణ్ణి. బండను వేలితో తట్టి, లోపల పగులుందో లేదో చెప్పేవాణ్ణి. బడికి పోయింది రెండు తరగతులు. మిగతా చదువంతా బండల మీద సుద్దతో రాసిన కొలతల్లో, లారీల వెనక రాతల్లో, బజ్జీలు చుట్టిచ్చిన పేపర్లలో నేర్చుకున్నాను. నేర్చుకున్నాక ఊరుకోలేదు. ఏ రోజు వాన పడింది, ఏ బస్సు ఎంత ఆలస్యమైంది, ఎవరు ఏ మాట ఇచ్చి తప్పినారు, అన్నీ నోటుబుక్కుల్లో రాసిపెడతాను. నాకు జ్ఞాపకం లేక కాదు. నా జ్ఞాపకాన్ని ఎదుటోళ్ళు నమ్మరని.

పని మానుకున్నాక ఆళ్ళగడ్డలో తమ్ముని ఇంట్లోనే ఉంటున్నాను. తమ్మునికి బస్టాండు దగ్గర ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే అంగడి. పదేండ్ల కిందట జొన్నచొప్ప ఎక్కించిన ట్రాక్టరు మీద నుంచి పడినాడు. చొప్ప వానిది కాదు, ట్రాక్టరూ వానిది కాదు. "రెండు నిమిషాలు తాడు పట్టుకో అప్పా" అని దారిన పోయేటోణ్ణి ఎవరో పిలిస్తే ఎక్కినాడు. వెన్ను విరిగింది. నడుము కింద కాళ్ళు ఉన్నాయంటే ఉన్నాయి, అంతే.

ఆస్పత్రి నుంచి వచ్చిన ఏడాదికి చక్రాల కుర్చీ మీద చేతులతో తోసుకుంటూ మళ్ళీ అంగడికి పోయినాడు. పొద్దున మిక్సీ ఇస్తే సాయంత్రానికి తిరగనిచ్చేవాడు. కొన్నాళ్ళకు ఊరోళ్ళు "పాపం" అనేది మాని బేరమాడేది మొదలుపెట్టినారు. వానికి అది సన్మానం చేసినట్టుండేది.

అట్లాంటి మనిషికి పోయిన ఎండాకాలం తోక ఎముక మీద పుండు లేచింది. వానికి అక్కడ స్పర్శ లేదు, నొప్పి తెలియదు. కూర్చుంటే బరువంతా పుండు మీదే. అందుకని బోర్లా పడుకోబెట్టినాం. అంగడి షట్టరు దిగింది. నాలుగు నెలలైనా పుండు మానదు. ఎముకకు తగిలిందంటే ఇంక ఈ జన్మలో కూర్చోలేడని, విషం రక్తానికి ఎక్కితే మనిషే దక్కడని నంద్యాలలో ఒక డాక్టరు చెప్పి పంపించినాడు. పుండు మూసుకుంటే తమ్ముడు కూర్చుంటాడు, లేకపోతే లేదు. ఇంట్లో మేం ముగ్గురం, తమ్ముడు, మరదలు, నేను. మాకు ఇంకో ఆలోచనే లేదు.

అప్పుడొచ్చింది ఆ పిల్ల. భుజాన సంచి, చేతిలో పలకంత ఫోను.

"సర్వే అయితే మొన్ననే అయిపోయిందమ్మా. ముగ్గురం ఉండాం, ఎద్దులు లేవు, కారు లేదు" అన్నాను గడపలోనే నిలబెట్టి.

"సర్వే కాదు పెద్దాయనా, వెన్నుపాము" అనింది.

కర్నూల్లో పెద్ద చదువు చదువుతూ పరిశోధన చేస్తోందంట. వెన్ను దెబ్బతిన్నవాళ్ళు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చినాక ఏమవుతున్నారో ఇల్లిల్లూ తిరిగి చూస్తుందంట. "వెన్ను విరిగింది ఒక్కసారే. ఆ తర్వాత పుండ్లు, మూత్రం జబ్బులు, జ్వరాలు, ఇవన్నీ ఇంట్లోనే మొదలైతాయి. ఎట్ల మొదలైతాండాయో చూసి రాసుకుంటా. అదే నా పని."

"చూసి రాసుకునేదానికి అంత చదువెందుకమ్మా? యాభై ఏండ్ల నుంచి నేను ఊరికే రాస్తాండా."

"అయితే ఇద్దరిదీ ఒకటే పని పెద్దాయనా. నన్ను లోపలికి రానీ."

పక్కకు తప్పుకున్నాను.

వసారాలో బండ మీద కూర్చోబెట్టినాను. ఆ బండ గురించి చెప్పాలి. ఆరడుగులకు రెండున్నర, నల్లది, ఒక్క గీత లేదు. ఎండకు తమ్ముడు అల్లాడుతుంటే చూడలేక, బేతంచెర్లకు పోయి పాత సావాసగాళ్ళ దగ్గర నిలబడి నా చేత్తోనే నునుపు పట్టి తెచ్చినాను. వంగి చూస్తే ముఖం కనబడుతుంది. దాని గొప్ప చెప్పబోతుంటే, ఆ పిల్ల మరదలు తెచ్చిన మజ్జిగ పక్కన పెట్టి, తమ్ముని మంచం దగ్గరికి పోయి ఫోనులో నుంచి చదవడం మొదలుపెట్టింది.

"'గత నాలుగు వారాలలో మీ జీవన నాణ్యత పట్ల మీరు ఎంత మేరకు సంతృప్తి చెందియున్నారు? సున్నా నుండి పది వరకు గల సంఖ్యతో సూచించండి.'"

తమ్ముడు దిండు మీద నుంచి తల తిప్పినాడు. "ఈ పొద్దు ఉగ్గాని తిన్నా. ఎనిమిది వేసుకో మ్మా. నిన్న మా అన్న కెలికిన సంగటి. రెండు."

"నాలుగు వారాలకు కలిపి ఒకటే చెప్పల్లన్నా."

"నాలుగు నెలలుగా బోర్లా పండుకోని ఈ నేలే చూస్తాండా. బండలు సక్కగా పరిచినారు. దానికొకటి వెయ్యి."

నాకు ఒళ్ళు మండింది. "ఇది ఏ ఊరి తెలుగమ్మా? 'చెందియున్నారు' అని మీ డోన్‌లో ఎవరైనా అంటారా? మనిషి బోర్లా పడుంటే సంతృప్తి ఎంతని అడుగుతారా?"

"నాకూ నచ్చదు పెద్దాయనా. ఇంగ్లీషులో నుంచి ఎవరో తిప్పినారు. నన్ను చదవమన్నారు, చదువుతాండా" అని ఏ జంకూ లేకుండా తర్వాత ప్రశ్నకు పోయింది. "పడినాక ఆస్పత్రికి ఎట్ల తీసుకుపోయినారు?"

"ఎట్ల పోతారు? నలుగురం కాళ్ళూ చేతులూ పట్టుకోని ఆటోలో కూచ్చోబెట్టినాం. పల్లకీ తెప్పించల్లనా?"

కదపకూడదు, వెన్ను వంగకుండా పలక మీద పడుకోబెట్టి తీసుకుపోవాలని ఆ తర్వాత ఏదో పేపర్లో చదివినాను. చదివిన రోజు అన్నం సయించలేదు. అందుకే ఆ ప్రశ్నంటే నాకు కోపం. ఆ పిల్ల మాత్రం తిట్టలేదు. "యాడికి పోయినా ఇదే చెప్తాండారు. ఇంతవరకు మీకెవరైనా చెప్పింటే గదా" అనింది. తిట్టుంటే బాగుండేది, నేను కూడా నాలుగు అనేవాణ్ణి.

ఇంతలో తమ్ముని కాలు ఒకటి ఎగిరి తన్నింది. మరదలు వంటింట్లో నుంచి పరుగెత్తుకొచ్చింది. "చూసినావా మ్మా? అప్పుడప్పుడు ఇట్ల ఎగుర్తాది. ప్రాణం వస్తాందేమో!"

"అది అన్న తన్నేది కాదక్కా. మెదడు మాట అందక, వెన్నుపాము దానంతటదే తన్నిస్తాది" అని మెల్లగా చెప్పింది.

"అట్లయితే మ్మా, ఆ వెన్నుపామును రవ్వంత మా అన్న తట్టుకు తిప్పు" అన్నాడు తమ్ముడు.

తర్వాత పుండు చూసింది. చేతులు కడుక్కోని, తొడుగులు వేసుకోని, శుభ్రం చేసి, దాని మీద గాజులాంటి పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి, పుండు అంచు వెంబడి పెన్నుతో గీసుకుంది. ప్రతి ఇంట్లోనూ ఇట్లనే గీసుకుంటుందంట, మళ్ళీ వచ్చినప్పుడు పెరిగిందో తగ్గిందో పోల్చేదానికి. సంచిలో అట్లాంటి కాగితాలు కట్టగా ఉన్నాయి. ఒక్కో కాగితం ఒక్కో ఇల్లు.

నేను నాలుగడుగుల దూరం నుంచే చెప్పినాను. "నిలువు రెండంగుళాల పావు. అడ్డం రెండుకు నూలుపోగు తక్కువ."

స్కేలు పెట్టి చూసింది. మళ్ళీ చూసింది. "సరిగ్గా చెప్పినావే!"

"బండలు కొలిచిన కన్నమ్మా ఇది."

"తిండి ఏం పెడతాండారు?"

అది నా శాఖ. పుండు చీము పట్టకుండా వంకాయ మాన్పించినాను, గుడ్డు మాన్పించినాను, వేరుశనగ, చేప, చివరికి పప్పు కూడా. మిగిలింది ఉగ్గాని, సంగటి, అన్నం, చారు.

"పూడాల్సింది అంత గుంత. దేంతో పూడాల పెద్దాయనా, చారుతోనా?"

"ఇది పెద్ద అక్షరాలతో రాసుకో మ్మా" అని దిండులో నుంచి తమ్ముని గొంతు.

ఆ పిల్ల వసారాలోకి వచ్చి బండ మీద అరచెయ్యి వేసి అటూ ఇటూ రాసింది. మెచ్చుకుంటుందనుకున్నాను.

"దీని మీద ఎవరు పడుకుంటారు?"

"మా తమ్ముడే. పోయిన ఎండాకాలం, పుండు లేచేదాకా దీని మీదే."

"పరుపు?"

"పరుపేస్తే చల్లదనం యాడ తగుల్తాది?"

"వీపుకు తగుల్తాది. నడుము కింద ఆయనకు చల్లదనమూ తెలీదు, గట్టిదనమూ తెలీదు గదా. మనమైతే రవ్వంత నొచ్చినా నిద్దట్లోనే పక్కకు తిరుగుతాం. ఆయన తిరగలేడు. బండకూ ఎముకకూ మధ్య తోలు నలిగిపోతాది. పుండు ఈ బండ మీదే పుట్టిందేమో పెద్దాయనా."

అదుగో, మొదట్లో రాసిన మాట అప్పుడు అనుకున్నది. మా తాతలు బండల మీదే పడుకున్నారు, మా నాయన బండ మీదే పడుకున్నాడు, ఎవరికి లేచింది పుండు? "బండ కాదు, గిండ కాదు. వంకాయ తిన్నాకే వచ్చింది. నా దగ్గర రాత ఉంది" అని పెట్టె తెరిచి పోయిన ఎండాకాలం నోటుబుక్కు తీసినాను. కళ్ళద్దాలు తుడిచి, అందరికీ వినబడేటట్టు చదివినాను.

"'ఉగాది పోయిన రెండో ఆదివారం. వసారాలో బండ వేసినాను. తమ్ముడు హాయిగా ఉందన్నాడు.' విన్నావా మ్మా, హాయి. 'మంగళవారం. మరదలు ఎప్పటి మాదిరి రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతానంటాంది. మంచి నిద్ర చెడగొట్టొద్దని చెప్పినాను. ఊరికే గొణుగుతాంది.'"

ఆగినాను.

"చదువు బావా. గొణిగేది బాగానే రాసుకున్నావే" అనింది మరదలు, తలుపుకు ఆనుకోని.

"'మరుసటి శనివారం. తమ్మునికి నడుము కింద రేగుపండంత ఎరుపు. చెమటకనుకుంటా. పౌడరు చల్లినాను.'" నా గొంతు నాకే తగ్గినట్టు తెలిసింది. "'బుధవారం. ఎరుపు మీద తోలు లేచింది.'"

"వంకాయ యాడా రాలేదేంది న్నా?" అన్నాడు తమ్ముడు.

తర్వాతి పేజీలో ఉంది. "'ఆదివారం. గుత్తి వంకాయ.'"

రోడ్డు మీద నంద్యాల బస్సు హారను కొట్టుకుంటూ పోయింది.

"పాపం వంకాయ" అన్నాడు తమ్ముడు. "నాలుగు నెలలు ఊరికే జైల్లో పెట్టినావు దాన్ని."

మరదలికి నవ్వొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వు రాలేదు. తొమ్మిదేండ్లు పగలూ రాత్రీ రెండు గంటలకొకసారి లేచి, తిప్పి, ఆ మనిషి కాపాడుకున్న తోలు. నేను రెండు వారాల్లో తీసేసినాను. అదీ ప్రేమగా, నునుపు పట్టి మరీ. ఇంకా మేలు, రాసి పెట్టుకున్నాను.

"నీకు తెలిసుండి ఎందుకు గట్టిగా చెప్పలేదు?" అని మరదలినే గద్దించినాను, వేరే దారి లేక.

"చెప్తే నువ్వేం రాసినావో ఇప్పుడే చదివినావు గదా బావా."

డాక్టరు పిల్ల నోటుబుక్కు అడిగి తీసుకోని ఒక్కో పేజీ ఫోటో తీసుకుంది. "పెద్దాయనా, నేను పోయిన ఇండ్లలో పుండు ఎప్పుడు మొదలైందంటే 'ఏమో, ఎండాకాలం' అంటారు. ఏ రోజు ఏమైందో ఇంత సక్కగా ఎవరూ చెప్పలేదు. శానా పనికొస్తాది." తప్పు చేసినందుకు మెచ్చుకుంటే ఎట్లా ఉంటుందో ఆ పొద్దు తెలిసింది. చేపముల్లు గొంతులో దిగినట్టుంటుంది.

ఆ సాయంత్రమే బండను నిలబెట్టి గోడకు ఆనించినాం. గాలిపరుపు తెచ్చినాం. గుడ్లు, పప్పు, వేరుశనగ అన్నీ జైల్లో నుంచి విడుదల. పగటిపూట తిప్పే పని నాదని మరదలికి చెప్పినాను. ఫ్యాక్టరీలో షిఫ్టు మారితే ఇనుపపట్టా మీద కొట్టేవాళ్ళు. అట్లాంటిదే ఒకటి వసారాలో వేలాడదీసి, రెండు గంటలకొకసారి ఠంగుమని కొట్టి తిప్పేవాణ్ణి. ఎడమ, కుడి, బోర్లా. తిప్పినప్పుడల్లా నోటుబుక్కులో గీత.

"మా అన్న దోసె కాలుస్తాండాడు" అని వచ్చినోళ్ళకందరికీ చెప్పేవాడు తమ్ముడు. "ఈ తట్టు రవ్వంత మాడింది న్నా, తిప్పు. నూనె వేసినావా?"

పదిహేను రోజులకొకసారి ఆ పిల్ల వచ్చి కాగితం మీద గీసుకునేది. ముందు నన్ను చెప్పమనేది, తర్వాత స్కేలు పెట్టేది. నాకూ పుండుకూ పందెం వేసినట్టుండేది. మొదటి రెండు సార్లు ఏ మార్పూ లేదు. రెండోసారి ఆ పిల్ల పోయినాక తమ్ముడు ఎగతాళి మాని, "మానకపోతే ఆ అంగడి ఎవరికన్నా ఇచ్చేయి న్నా, స్క్రూడ్రైవర్లు తుప్పు పడతాయి" అన్నాడు. నేను ఠంగుమని పట్టా కొట్టినాను. టైము కాలేదు, ఊరికే కొట్టినాను.

మూడోసారి అంచు లోపలికి జరిగింది. నిమ్మకాయంత ఉండింది రేగుపండంత అయింది.

అప్పుడే ఆ పిల్ల ఒక మాట అడిగింది. నంద్యాలలో ఒక హాల్లో తను చూస్తున్న కుటుంబాలన్నిటినీ పిలిచిందంట. నన్ను వచ్చి బండ సంగతి చెప్పమంది. "పేరు చెప్పక్కర్లేదు పెద్దాయనా. నేను రాసేదాంట్లో కూడా ఎవరి పేరూ ఉండదు."

"ఇదేం న్యాయం? తప్పు నాది, రాత నాది, పేరు మాత్రం వద్దా? ఏదో మంచి పని చేసింటే దాచొచ్చు!"

"బావ జీవితంలో ఒప్పుకున్న తప్పు ఇదొక్కటే మ్మా. పేరు వేసుకుంటే వేసుకోనీ" అనింది మరదలు.

పేరు వేయలేదు. పోయినాను మాత్రం. నోటుబుక్కు పట్టుకోని హాల్లో నిలబడి, ఆదివారం నుంచి ఆదివారం దాకా చదివినాను, గొణుగుడు కూడా వదలకుండా. నవ్వుతారనుకున్నాను, నవ్వినారు. నవ్వు ఆగినాక ప్యాపిలి నుంచి వచ్చిన ఒకామె లేచి, "మేము కూడా బండ మీదే పడుకోబెడతాండాం, చల్లగుంటాదని" అనింది. ఆమె కూర్చోకముందే ఇంకో ఇద్దరు లేచినారు. అందరివీ మా తట్టు ఇండ్లే. బండ చౌకగా దొరికే చోట ఇంకేం చేస్తారు?

ఆ పిల్ల ఫోను పక్కన పెట్టి కాగితం మీద గబగబా రాసుకుంది. వాళ్ళ ప్రశ్నల్లో 'పరుపు ఉందా, లేదా' అని మాత్రమే ఉందంట. బండ అని ఎవరికి తోస్తుంది, ఆ ప్రశ్నలు రాసినోళ్ళు బేతంచెర్ల చూసింటే గదా! కొత్త ప్రశ్న ఒకటి చేరింది. "దేని మీద పడుకోబెడతాండారు? బండ మీదా, మంచం మీదా, పరుపు మీదా? ఎంతసేపటికి ఒకసారి తిప్పుతాండారు?" ఆ తెలుగు నాది. ఒక్క అక్షరం మార్చనివ్వలేదు.

తర్వాత రేగుపండు శనగగింజంతయింది. ఒక రోజు ఆ పిల్ల వంగి చూసి, కాగితం పరిచి, పెన్ను మూత తీసి, మళ్ళీ మూత పెట్టేసింది. గీసేదానికి ఏమీ లేదు. ఖాళీ కాగితం నా చేతిలో పెట్టి, "కొలువు పెద్దాయనా" అనింది. నాకు కళ్ళు సరిగ్గా కనబడలేదు. అద్దాలు ఎక్కడ పెట్టినానో అని వెతికినాను. ముఖం మీదే ఉన్నాయి.

"సంతృప్తి ఎంత చెందియున్నావన్నా?" అని తమ్ముణ్ణి అడిగింది, కావాలనే.

"తొమ్మిది వేసుకో మ్మా."

"ఉగ్గాని తిన్నావా?"

"కాదు. వంకాయ."

మొదట రోజుకు అరగంటే కూర్చోమంది. కొత్త తోలు పల్చగా ఉంటుంది. కూర్చున్నప్పుడు పావుగంటకొకసారి రెండు చేతులూ కుర్చీ మీద ఊని ఒళ్ళు పైకి లేపి కాసేపు నిలపాలి, కింద రక్తం ఆడేదానికి. అరగంట గంటయింది, గంట ఒక పూటయింది. అంగడి షట్టరు ఎత్తినాం. బండను కూడా ఆటోలో వేసుకోని పోయి అంగట్లో పని బల్లగా వేయించినాం. ఇప్పుడు దాని మీద మిక్సీలు పడుకుంటాయి.

ఎదురుగా టీ అంగట్లో నేను గడియారం చూసుకుంటూ కూర్చుంటాను. ఫ్యాను విప్పితే వానికి ఒళ్ళు తెలియదు, అది నాకు తెలుసు. మొన్న పావుగంట దాటి రెండు నిమిషాలైనా వంచిన తల ఎత్తలేదు. ఓర్చుకున్నాను. ఓర్చుకోలేక రోడ్డు అవతల నుంచి "లేయ్!" అని అరిచినాను. టీ తాగుతున్నోళ్ళు నలుగురు లేచి నిలబడినారు. తమ్ముడు నా తట్టు ఒక చూపు చూసి, చేతులు ఊని కుర్చీలో నుంచి పైకి లేచినాడు. సరిగ్గా అప్పుడే మిక్సీ చంకలో పెట్టుకోని ఒక పెద్దమనిషి అంగడి మెట్టెక్కుతున్నాడు. తన కోసమే లేచినాడనుకోని కంగారుపడి, మిక్సీ కింద పెట్టి రెండు చేతులూ జోడించినాడు.

"కూచ్చో నాయనా, కూచ్చో. నాకెందుకు లేస్తావు?"

"రవ్వంత సేపు ఆగు పెద్దాయనా" అన్నాడు తమ్ముడు, చేతుల మీద అట్లనే ఆగి, నా తట్టు కళ్ళు ఎగరేసి. "మర్యాద ఇంకా అయిపోలేదు."